రోడ్డు రోలర్ కింద నలిగేది ఎవల సైలెన్సర్?

గీ వీడియో మీరు రీల్స్‌ల చూసే ఉంటరు. పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లన్నిటినీ రోడ్డు మీద వరుసగ పరిచి, వాటి మీదికెంచి రోడ్డు రోలర్ తోలుతరు. పెళపెళ నలుగుతయ్. కెమెరాలు తీస్తయ్, ఆఫీసర్ సారు నాలుగు మాటలు చెప్తడు, తెల్లారి పేపర్ల ఫొటో వస్తది. హైదరాబాద్‌ల అయింది, విశాఖల అయింది. కింద కామెంట్లల్ల సగం మంది 'మంచి పని జేసిన్రు' అంటరు. సగం మంది 'మా బుల్లెట్ ఇజ్జత్ పాయె' అని ఏడ్పు బొమ్మలు పెడ్తరు.

ఆ కుప్పల ఏమున్నయో జెర నిదానంగ చూడున్రి. బుల్లెట్‌వి, పల్సర్‌వి, పాత ఆర్ఎక్స్ హండ్రెడ్‌వి. ఎక్కువల ఎక్కువ బైకులయే. కారు పైపు అండ్ల కనవడుడు కష్టం. గట్లని కార్లకు పైపులు మారుస్తలేరా? మారుస్తున్రు. సెకండ్ హ్యాండ్‌ల కొన్న పోలో, ఆక్టేవియా కాడికెంచి కోట్ల రూపాయల స్పోర్ట్స్ కార్ల దాక మారుస్తున్రు. రాత్రి పన్నెండు దాటినంక ఔటర్ దిక్కు పోయే బండ్ల చప్పుడు ఇంటే ఎవలకైనా సమజైతది.

అందుకే ఇయ్యాల రెండు ముచ్చట్లు మాట్లాడుకుందం. ఒకటి, పైపు మారుస్తే నిజంగ ఏమొస్తది, ఏం పోతది. రెండు, దొరికినప్పుడు నష్టం ఎవలకు, లాభం ఎవలకు.

మలక్‌పేట రోడ్డు మీద

నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు పిలగాళ్లకు పట్నం అంటే ముందుగాల తగిలేది ఈ తొవ్వనే. దిల్‌సుఖ్‌నగర్ దాటంగనే మలక్‌పేట, అది దాటితే చాదర్‌ఘాట్. ఇక్కడి చౌరస్తా పేరే నల్గొండ క్రాస్‌రోడ్స్. కింద బస్సులు, ఆటోలు, పైన మెట్రో. గంజ్‌కు పోయే సరుకు లారీలు. రోడ్డు పక్కనే దవాఖానలు, ఒకటి సర్కారుది, ఇంకోటి పెద్ద ప్రైవేటుది. బళ్లు, మసీదులు, గుళ్లు, ఒకదాన్నొకటి ఒరుసుకొని కట్టిన ఇండ్లు. గింత ఇరుకుల చప్పుడు పోయేందుకు జాగ ఉండదు. గోడకు తగిలి మళ్ల ఎన్కకే వస్తది.

స్పీడ్ అంటే మోజు మలక్‌పేటకు కొత్తది గాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంల, 1886ల, మౌలాలి కాడ జరిగే గుర్రప్పందాలను ఈడికి తెచ్చిన్రు. ఆ రేస్‌కోర్సు ఇప్పటికీ ఉన్నది. పందెం మీద డబ్బులు కాసుడు మంచిదా చెడ్డదా అన్నది వేరే పంచాయితీ. కానీ ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలె. ఉరికే గుర్రానికి కంచె గట్టిన మైదానం ఉన్నది, టైం ఉన్నది, చూసేటోడు తనంతట తనే పోయి చూస్తడు. గుర్రాన్ని తెచ్చి నల్గొండ క్రాస్‌రోడ్స్‌ల అర్ధరాత్రి ఉరికిస్తమంటే ఎవలన్నా ఒప్పుకుంటరా? బండి ముచ్చట గూడ గంతే.

పైపు లోపట ఏముంటది

చానమంది సైలెన్సర్ అంటే ఎన్క కనవడే డబ్బా అనుకుంటరు. అది ఆఖరి ముక్క. ఇంజన్ల పెట్రోల్ కాలినంక వచ్చే వేడి గాలి ముందుగాల మ్యానిఫోల్డ్‌లకు పోతది. టర్బో బండి అయితే ఆ గాలే టర్బోను తిప్పుతది. ఆడికెంచి డౌన్‌పైప్. దాని కాడనే క్యాటలిటిక్ కన్వర్టర్, మెకానిక్‌లు 'క్యాట్' అంటరు. తేనెపట్టు లెక్క సన్నసన్న రంధ్రాలుండే దిమ్మె అది. దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటది. కార్బన్ మోనాక్సైడ్, కాలకుండ మిగిలిన పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ విషాలను చానావరకు అదే విరగ్గొడ్తది. అటెంక రెజోనేటర్, అది చప్పుడుల ఉండే గరగరను తీసేస్తది. చివరికి మఫ్లర్, అంటే మనం సైలెన్సర్ అనేది.

ఇగ మార్చుడు మూడు తీర్లు. ఆఖరి డబ్బా ఒక్కటి మారిస్తే యాక్సిల్‌బ్యాక్ అంటరు. క్యాట్ తర్వాత ఉన్న పైపంతా మారిస్తే క్యాట్‌బ్యాక్. క్యాట్ ఉన్న డౌన్‌పైపే పీకి వేరేది పెడ్తే డౌన్‌పైప్, దాంట్ల క్యాట్ లేకుంటే డీక్యాట్. నడుమల ఏదీ లేకుండ ఉత్త గొట్టం పెట్టుడును స్ట్రెయిట్ పైప్ అంటరు.

షాపోడు అన్నిటికీ ఒక్కటే పాట పాడ్తడు: 'పవర్ పెరుగుతది భయ్యా'. లెక్క జూద్దం. టర్బో లేని మామూలు ఇంజన్‌కు ఆఖరి డబ్బా మారిస్తే పెరిగే పవర్ చేతికి తెలిసేంత ఉండదు. పెరిగేది చప్పుడే. చప్పుడు పెరిగితే స్పీడ్ పెరిగినట్టు మనసుకు కొడ్తది, స్పీడోమీటర్ మాత్రం ఉన్నకాడనే ఉంటది. ఇంకో తమాష ఉన్నది. ఇంజన్ సైజును మించి లావు పైపు పెడ్తే లోపట గాలి నెమ్మదైతది. ఒక సిలిండర్లకెంచి పోయే గాలి వేగం తర్వాతి సిలిండర్ల గాలిని గుంజుకపోవాలె, ఆ గుంజుడు తగ్గుతది. దాంతోని తక్కువ ఆర్పీఎంల బండి మొద్దువారుతది. ట్రాఫిక్‌ల, అంటే మనం రోజూ నడిపే కాడ, ఉన్న లాగుడు గూడ పోతది.

టర్బో బండిల డౌన్‌పైప్ మార్చి, ఈసీయూ రీమ్యాప్ చేస్తే పవర్ నిజంగనే పెరుగుతది. అది అబద్ధం గాదు. కానీ ఆ పవర్ ఎక్కడికెంచి వస్తుందో చూడు. చాన బండ్లల్ల క్యాట్‌ను తీసేసిన కాడికెంచి వస్తది. అంటే నీ బండికి పెరిగిన గుర్రాల బలం, ఎన్క స్కూటీ మీద వచ్చే అక్క పీల్చే పొగల లెక్క తేలుతది. పైంగ 2020 ఏప్రిల్ 1 కెంచి వచ్చిన బీఎస్-6 బండ్లల్ల పైపు పొడుగునా సెన్సర్లుంటయ్. క్యాట్ పీకంగనే చెక్ ఇంజన్ లైట్ వెలుగుతది. ఆ లైట్ ఆర్పెతందుకు మళ్ల సాఫ్ట్‌వేర్‌కు పైసలు. కంపెనీ వారంటీ ఎగిరిపోతది. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్సోడు 'మాకు చెప్పకుండ బండి మార్చిన్రు' అని పేచీ పెడ్తడు.

ఇగ ఆ తుపాకి లెక్క 'ఫట్ ఫట్' మోత. అదేందో ఘనకార్యం అనుకుంటున్రు మా తమ్ముళ్లు. యాక్సిలరేటర్ ఇడిసినంక గూడ పెట్రోల్ పోయేటట్టు చేసి, దాన్ని పైపుల కాలపెట్టుడు అది. నీ పైసలతోని కొన్న పెట్రోల్ చక్రం తిప్పకుండ గొట్టంల మండుతున్నది. ఆ వేడికి క్యాట్ కరుగుతది, టర్బో దెబ్బతింటది.

చట్టం ఏమంటది

1988 మోటారు వాహనాల చట్టంల 52వ సెక్షన్ ఉన్నది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు ఓనర్ బండిని మార్చొద్దని దాని సారం. 2019 జనవరి 9 నాడు సుప్రీంకోర్టు కేరళ కేసుల ఇదే మాట గట్టిగ చెప్పింది. 1989 కేంద్ర రూల్స్‌ల 120వ రూల్, ప్రతి బండికి చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలె అంటది. 2019ల సవరించిన చట్టం ప్రకారం, ఓనర్ ఇష్టమొచ్చినట్టు బండి మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేకుంటే ఆరు నెలల దాక జైలు, లేదంటే రెండూ. చప్పుడు, పొగ కట్టుబాట్లు దాటిన బండి రోడ్డెక్కితే 190వ సెక్షన్ కింద 10,000 దాక జుర్మానా, మూడు నెలల దాక జైలు, మూడు నెలలు లైసెన్స్ బంద్. ఇది చట్టంల రాసిన గరిష్ఠం. రోడ్డు మీద పడే చలాన్ రాష్ట్రం పెట్టిన రేటును బట్టి ఉంటది.

మరి ఎంత చప్పుడు ఉండొచ్చు? కంపెనీ బండి తయారు చేసినప్పుడు మామూలు కారుకు 74 డెసిబెళ్లు. బైక్‌కు ఇంజన్ సైజును బట్టి 75 కెంచి 80 దాక. అది టెస్ట్ ట్రాక్ మీద, ఏడున్నర మీటర్ల దూరంల మైకు పెట్టి కొలిచే లెక్క. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య రూల్స్ ఇంకో లెక్క చెప్తయ్. ఇండ్లున్న జాగల పొద్దున పూట 55, రాత్రి 10 కెంచి పొద్దుగాల 6 దాక 45. దవాఖాన, బడి, కోర్టు చుట్టు 100 మీటర్లు సైలెన్స్ జోన్ కింద పెట్టొచ్చు, ఆడ 50, రాత్రికి 40.

డెసిబెల్ లెక్క మామూలు కూడిక గాదు, అది యాది పెట్టుకోండ్రి. 10 పెరిగితే శబ్దం బలం పదింతలు. 74 ఉండాల్సిన కారు 94 కొడ్తే బలం వందింతలు. చెవికి నాలుగింతలు పెద్దగ ఇనవడ్తది.

ఈడనే నా మొదటి కొట్లాట. రోడ్డు మీద ఆపే పోలీసన్న చేతుల చానసార్లు మీటర్ ఉండది. చెవితోని ఇని, కండ్లతోని చూసి 'తియ్ సైలెన్సర్' అంటరు. కంపెనీ పైపా, బయటి పైపా అని చూసుడు సులువే, అది తప్పుల లెక్కకే వస్తది. కానీ కొలవకుండ చేసే ఇన్సాఫ్ ఎప్పుడైనా బలహీనుని మీదనే పడ్తది. బస్తీ పోరని బుల్లెట్ ఆగుతది. అదే చప్పుడు చేసే కోట్ల కారు ఆగదు. ఆగినా ఎవలకో ఫోన్ పోతది. పైంగ పెద్ద స్పోర్ట్స్ కార్లకు కంపెనీనే పైపుల వాల్వు పెట్టి ఇస్తది. బటన్ ఒత్తితే తెరుచుకొని గర్జిస్తది, ఒత్తితే మూసుకుంటది. అది 'కంపెనీ ఫిట్టింగ్', అది కానూన్ ప్రకారమే. పైసలున్నోనికి చప్పుడు గూడ పర్మిషన్‌తోని వస్తది, లేనోనికి చలాన్‌తోని వస్తది. రాత్రి 45 డెసిబెళ్లు దాటొద్దన్న రూల్‌కు మాత్రం ఈ తేడా లేదు. రోగి చెవి కారు రేటు అడగదు.

అమ్మినోడు ఎటు పోయిండు?

రెండో కొట్లాట ఇది. రోలర్ కింద నలిగిన ప్రతి సైలెన్సర్‌ను ఎవలో తయారు చేసిన్రు, ఎవలో అమ్మిన్రు. ఆన్‌లైన్‌ల ఫోన్ తెరిస్తే చాలు, నీ బండి పేరు కొడ్తే ఇరవై రకాల పైపులొస్తయ్. 'ఆఫ్-రోడ్ వాడకానికి మాత్రమే' అని అడుగున సన్న అక్షరాలల్ల రాస్తరు. అది కొన్న పిలగాడు ఏ అడవిల నడుపుతడు? అమ్మినోనికి తెలుసు, కొన్నోనికి తెలుసు, సర్కారుకు తెలుసు. జీఎస్టీ తీసుకునేతప్పుడు ఆ పైపు మంచిదే. రోడ్డెక్కంగనే నేరం.

నలిగేది ఎవల పైసలు? ఫుడ్ డెలివరీ చేసుకుంట, కిస్తీలు కట్టుకుంట, మూణ్ణెల్లు కూడబెట్టిన పైసలు. ఊళ్లె అయ్య పత్తి అమ్మి పంపిన పైసలు. అమ్మినోని గల్లా నిండింది, కొన్నోని సొమ్ము చెత్తల పడ్డది. గంజాయి కేసుల అమ్మినోన్ని ఎత్కినట్టు, ఈడ గూడ సరుకు మూలం దాక పోవాలె గదా? ఒక దుకాణం ముంగట, ఒక గోదాం ముంగట ఆ రోలర్ ఎందుకు పోదు?

షెడ్డుల పని చేసే పోరన్ని గూడ ఇండ్లకెల్లి ఇడిసిపెట్టొద్దు. మన మెకానిక్‌ల పనితనం తక్కువది గాదు. ఏ కాలేజీకి పోకుండ స్టీలు గొట్టాన్ని లెక్కకు వంచి, జాయింట్ కనవడకుండ వెల్డింగ్ కొట్టే చేతులు వాళ్లయి. కానీ మూతికి మాస్కు లేదు, చెవికి అడ్డం లేదు. వెల్డింగ్ పొగ మనిషికి క్యాన్సర్ తెచ్చేదని 2017ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ కాలిస్తే క్రోమియం విషం గూడ లేస్తది. రోజుకు నాలుగు బండ్ల పైపులు టెస్ట్ చేసే పోరనికి ముప్పై ఏండ్లకే చెవుల గుయ్ మంటది. ఆ చెవుల లెక్క ఏ చలాన్‌ల రాయరు.

చెవులు, నిద్ర, పానం

పనిల ఉండే చప్పుడుకు నిపుణులు పెట్టిన లెక్క గిట్లుంటది: 85 డెసిబెళ్లు అయితే రోజుకు 8 గంటలు. మూడు పెరిగితే టైం సగం. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట, 100కు పావుగంట. ఓపెన్ పైపు బండి మీద గంటల కొద్ది లాంగ్ రైడ్ పోయే తమ్మీ, నీ చెవే నీకు దగ్గరున్నది. చెవి లోపట సన్న ఎంట్రుకల లెక్కుండే కణాలు చచ్చిపోతే మళ్ల మొలవయ్. కంటికి అద్దాలు పెట్టుకున్నట్టు గాదు అది.

ఇక మంది సంగతి. నైట్ డ్యూటీ చేసి పండుకున్న నర్సు, గుండె ఆపరేషన్ అయిన పెద్దమనిషి, బాలింత, పరీక్షకు చదివే పిల్ల. రాత్రి ఒంటిగంటకు ఒక్క బండి పోతే ఆ గల్లీల ఎంత మంది ఉలిక్కిపడి లేస్తరో లెక్కపెట్టుండ్రి. దేశంల ఏడు పెద్ద పట్నాలల్ల చప్పుడు కొలిచే స్టేషన్లు 2011 కెంచి పెట్టుకుంట వచ్చిన్రు, అండ్ల హైదరాబాద్ ఉన్నది. అంటే కొలుసుడు మొదలై పదేండ్లు దాటింది. కొలిచి ఏం జేసిన్రన్నదే మనం అడగాల్సిన ముచ్చట.

చప్పుడు ఎందుకు కావాలె?

పోరగాళ్లను తిట్టి చేతులు కడుక్కునే రాతలు మస్తుగున్నయ్. నేను గట్ల రాయ. ఊరికెంచి వచ్చిన పిలగాన్ని పట్నం చూడది. ఇంటర్వ్యూల చూడది, హాస్టల్‌ల చూడది, మాల్ల సెక్యూరిటీ అయితే అనుమానంగ చూస్తది. ఒక్క బండి రేజ్ చేస్తే చాలు, రోడ్డంత తిరిగి చూస్తది. 'నేను గూడ ఉన్న' అని చెప్పుకునుడు అది. ఆ ఆకలి నాకు సమజైతది.

కానీ తమ్మీ, మన దిక్కు చప్పుడుకు ఒక ఇజ్జత్ ఉండె. డప్పు కొడ్తే ఊరు కూడేది. పండుగకో, చావుకో, సభకో, మందిని పిలిచేతందుకు కొట్టేది. నీ పైపు మందిని పిలుస్తలేదు, పక్కకు నూకుతున్నది. తిరిగి చూసినోడు నిన్ను మెచ్చుకునేతందుకు చూస్తలేడు.

స్పీడ్‌కు చప్పుడు అవసరమే లేదని హైదరాబాద్ తన కండ్లతోనే చూసింది. 2023 ఫిబ్రవరి 11 నాడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేస్ జరిగింది. దేశంల అదే మొదటిది. గంటకు 320 కిలోమీటర్లు దాటే తాకత్ ఉన్న కరెంటు కార్లు, ఒక్కదానికీ సైలెన్సర్ లేదు, ఎందుకంటే ఆపేతందుకు పొగే లేదు. ఆ రేస్ పైసల మీద 2024 డిసెంబర్‌ల ఏసీబీ కేసు పడ్డది, అది కోర్టులల్ల తేలాల్సిన ముచ్చట. నేను అడిగేది వేరే. పెద్దోళ్ల రేస్ కోసం నెక్లెస్ రోడ్ దిక్కు ట్రాఫిక్ మళ్లిచ్చే సర్కారు, గరీబు పిలగాడు నెలకు ఒక్కసారన్నా హెల్మెట్ పెట్టుకొని, ట్రైనింగ్ తీసుకొని, అంబులెన్స్ పక్కన పెట్టుకొని నడిపే ట్రాక్ ఎందుకు చూపియ్యది? జాగ చూపియ్యకుండ జైలు చూపిస్తే, వాడు అర్ధరాత్రి రోడ్డే ఎత్కుతడు.

మరి పైపు మార్చాల్నా వద్దా?

సాఫ్ సీదా చెప్త. రోడ్డు మీద నడిపే బండికి కంపెనీ పైపే ఉంచు. పాతది తుప్పు పట్టి పొక్కలు పడ్డదా, కంపెనీదే లేకుంటే అదే కొలత, అదే మఫ్లర్, అదే క్యాట్ ఉన్నది పెట్టు. కంపెనీ తన యాక్సెసరీస్ లిస్టుల నీ మోడల్‌కు అమ్మే పైపు అయితే, దానికి రోడ్డు అప్రూవల్ ఉన్నదా అని కాగితం మీద రాయించుకో, నోటి మాట నమ్మకు. క్యాట్ మాత్రం ఎవలు ఎంత చెప్పినా పీకనియ్యకు. పాత క్యాట్ నీకు చెత్త, షాపోనికి బంగారం, దాంట్ల ఉన్న ప్లాటినం కోసం అమ్ముకుంటడు. సెకండ్ హ్యాండ్‌ల స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు కిందికి వంగి పైపు చూడు. క్యాట్ లేని బండి చవుకగ వచ్చినా, కొత్త క్యాట్ రేటు అడిగినంక అది చవుక అనిపియ్యది. ఆ పైపుకు పెట్టే పైసలు మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టు. బండి నిజంగ మారినట్టు ఆడ తెలుస్తది.

సర్కారును అడిగేది గూడ నాలుగే ముచ్చట్లు. చలాన్ రాసే ముందు మీటర్ తోని కొలిచి, ఆ అంకె కాగితం మీద రాయాలె. తయారు చేసేటోని మీద, అమ్మేటోని మీద, ఆన్‌లైన్ కంపెనీ మీద కేసు ముందు పెట్టాలె. ఏ రకం కార్లు ఎన్ని, ఏ రకం బైకులు ఎన్ని పట్టుకున్నరో నెలనెలా బయట పెట్టాలె, అప్పుడు ఎవల మీద కానూన్ నడుస్తుందో మందికి తెలుస్తది. షెడ్డుల పని చేసే పిలగాళ్లకు మాస్కు, చెవి కాపు, ఐటీఐ సర్టిఫికెట్ ఇచ్చే దారి చూపియ్యాలె. ఆ చేతుల పనితనం రేపటి కరెంటు బండ్లకు గూడ పనికొస్తది.

రోలర్ తోలుడు ఫొటోకు మంచిగుంటది. ఈసారి తోలేటప్పుడు కుప్పల బుల్లెట్ సైలెన్సర్ పక్కన ఒక్క కోట్ల కారు పైపు, ఒక్క దుకాణదారు స్టాకు గూడ కనవడాలె. గది కనవడ్డ నాడు నలిగింది చప్పుడే అని నేను గూడ ఒప్పుకుంట. అప్పటిదాక నలిగేది గరీబోని జేబే.